స్వింగ్ స్టేట్‌లో ఓట్లు ఎలా వస్తాయి? కొన్ని అపోహలు, వాస్తవాలు

అమెరికాలో ఏ పార్టీ వైపైనా మొగ్గగల రాష్ట్రాన్ని స్వింగ్ స్టేట్ అంటారు, మా జార్జియా అలాంటిదే. ఎన్నికలొస్తే ఇక్కడి అట్లాంటా శివార్లలో డోర్ నాకింగ్ (ఇంటింటికీ వెళ్లి ఓటర్లతో మాట్లాడడం) చేయించే పని నాది. ఏ పార్టీకో చెప్పను, ఇక్కడ దానితో అవసరం లేదు. చుట్టాలు ఫోన్ చేసి అడిగేవి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి కలిపి రాస్తున్నా.

అపోహ: ఎటూ తేల్చుకోని వాళ్లను తిప్పుకుంటేనే గెలుపు.

వాస్తవం: అలాంటి వాళ్లు ఉంటారు గానీ తక్కువ, అందులోనూ చాలామందికి రాజకీయాల గోలే పట్టదు. 2020 అధ్యక్ష ఎన్నికల్లో జార్జియాలో దాదాపు 50 లక్షల ఓట్లు పోలైతే బైడెన్‌కు వచ్చిన ఆధిక్యం 11,779. ఇంత చిన్న తేడాను తారుమారు చేయడానికి మన వైపే ఉండి, పనిలో పడి ఓటేయని వాళ్లు చాలు. ఎవరు ఏ ఎన్నికలో ఓటేశారో (ఎవరికేశారో కాదు) ఓటర్ల రికార్డులో ఉంటుంది, కాబట్టి ఓసారి వేసి ఓసారి మానేసే వాళ్లను ఏరుకుని ముందు వాళ్ల తలుపే తడతాం. "వేస్తాలెండి" అంటే వదలం. ఏ రోజు, ఆఫీసుకి ముందా తర్వాతా, కారు ఉందా, ఐడీ ఎక్కడుంది, అన్నీ అడుగుతాం. ఇక్కడ ముందస్తు ఓటింగ్ దాదాపు మూడు వారాలుంటుంది, ఓటేసిన వాళ్ల పేర్లు ఎప్పటికప్పుడు మా లిస్టులోంచి తీసేస్తాం. మా ఫోన్లతో విసిగిపోయారా? త్వరగా ఓటేసేయండి, అవే ఆగిపోతాయి!

అపోహ: డబ్బు ఎవరు ఎక్కువ పెడితే వాళ్లదే గెలుపు.

వాస్తవం: 2016లో హిల్లరీ, 2024లో హారిస్ ప్రచారాలు ట్రంప్ ప్రచారం కన్నా ఎక్కువే ఖర్చు పెట్టాయి. రెండుసార్లూ గెలిచింది ట్రంపే.

అపోహ: మనకు ఓట్లు పడని కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) తిరగడం దండగ.

వాస్తవం: నన్నడిగితే అభ్యర్థులు చేసే పెద్ద తప్పు ఇదే. అధ్యక్ష ఎన్నికల్లో మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలు తప్పిస్తే, గెలుపెవరిదో రాష్ట్రం మొత్తం ఓట్లు కలిపే తేలుస్తారు. పదివేల ఓట్లు పోలయ్యే పల్లె కౌంటీలో 80-20తో ఓడేవాడు 70-30తో ఓడితే, ఓడినా సరే, తేడా 2,000 తగ్గింది. 2016లో మిషిగన్ ఫలితం తేలింది 10,704 ఓట్లతో. అలాంటి కౌంటీలు ఆరు చాలు.

అపోహ: గుడికొచ్చి దండం పెట్టి, నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడితే మన ఓట్లన్నీ వాళ్లకే.

వాస్తవం: ఫోటోలు బాగా వస్తాయి, అంతే. ఆ గుడిలో ఉన్నవాళ్లలో చాలామంది హెచ్1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉంటారు, ఓటు సిటిజన్లకే. ఉన్న సిటిజన్లేమో స్కూల్ జోనింగ్ (ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్లాలన్నది) గురించీ ప్రాపర్టీ ట్యాక్స్ గురించీ అడుగుతారు. గ్రీన్‌కార్డు క్యూ తగ్గిస్తానని రాష్ట్ర అసెంబ్లీ అభ్యర్థి మాటిస్తే నవ్వుకుంటారు, అది అతని చేతిలో లేదని వాళ్లకు తెలుసు. నేను చూసినంతలో ముక్కూ మొహం తెలియని వాలంటీర్ పది సార్లు చెప్పినదానికన్నా, అదే వీధిలో ఉండే ఆంటీ ఒక్కసారి అడిగితే పని అవుతుంది.

అపోహ: పోలింగ్ ముగిస్తే మా పని అయిపోయినట్టే.

వాస్తవం: పోస్టల్ ఓటు మీద సంతకం లేకపోయినా, ఐడీ వివరాలు సరిపోకపోయినా జార్జియాలో పోలింగ్ తర్వాత మూడు రోజుల్లో సరిచేసుకోవచ్చు. ఆ మూడు రోజులూ మేం ఫోన్లు చేస్తూనే ఉంటాం, స్కామ్ కాల్ అనుకుని సగం మంది ఎత్తరు. మీరు పోస్టులో ఓటేస్తే ఆ వారం మాత్రం తెలియని నంబర్ నుంచి వచ్చినా ఎత్తండి, నమ్మకం కుదరకపోతే పెట్టేసి నేరుగా కౌంటీ ఎన్నికల ఆఫీసుకే చేసి కనుక్కోండి.