వీగన్ ఎందుకు అవుతారు? కన్సల్టేషన్‌లో తరచూ వినే అపోహలు, వాస్తవాలు

"వీగన్ అవుదామనుకుంటున్నాను", అంటే మాంసం, గుడ్లు, పాలు సహా పశువుల నుంచి వచ్చేవన్నీ మానేస్తానంటూ వచ్చేవాళ్లని నేను ముందు "ఎందుకు?" అని అడుగుతాను. డైటీషియన్‌గా నాకు ఆ జవాబు చాలా అవసరం. పాలు తాగితే కడుపు ఉబ్బుతోందని మానేస్తున్న మనిషిని మజ్జిగ పడుతుందేమో చూడమంటాను. పశువుల మీద జాలితో మానేస్తున్న అమ్మాయికి అదే సలహా ఇస్తే మళ్లీ నా దగ్గరికి రాదు, ఏ వీడియోనో చూసి తనకు తోచింది చేసుకుంటుంది. కారణం తెలియకుండా డైట్ రాయడం కుదరదు. ఆ కారణాల మీదే మన ఇళ్లలో బోలెడన్ని అపోహలున్నాయి.

అపోహ: వీగన్ అంటే మన శాకాహారమే, పేరు మార్చారంతే.

వాస్తవం: మన శాకాహార భోజనం నెయ్యితో మొదలై పెరుగన్నంతో ముగుస్తుంది. వీగన్లు ఆ రెండూ తినరు. తేనె తీసుకోరు, తోలు, ఉన్ని, పట్టు వాడరు. 1944లో ఇంగ్లండ్‌లో డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వీగన్ సొసైటీ పెట్టిందే పాలు, గుడ్లు కూడా వద్దనుకున్న శాకాహారుల కోసం. పట్టు ఎందుకు వద్దంటారని చాలామంది అడుగుతారు. పురుగు గూట్లో ఉండగానే ఆవిరిలోనో మరిగే నీళ్లలోనో చంపి దారం తీస్తారు కాబట్టి. మన చేనేత రంగంలోనే పనిచేసిన కుసుమ రాజయ్య గారు పురుగు రెక్కలు తొడిగి బయటికి వచ్చేశాక మిగిలిన గూళ్ల నుంచి దారం తీసి 'అహింసా పట్టు' నేయించింది ఈ బాధతోనే.

ఇంకో మాట. శాకాహార కుటుంబాల పిల్లలే వీగన్లు అవుతారనుకోవడం కూడా సరికాదు. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 98 శాతం మంది మాంసాహారులే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నాటుకోడి పులుసు తిని పెరిగినవాళ్లే ఎక్కువ. ఎవరికైనా మాంసం కన్నా పెరుగు మానడమే కష్టం.

అపోహ: పాలు పిండుకుంటే గేదెకి వచ్చే నష్టమేంటి? ఇదంతా ఫ్యాషన్.

వాస్తవం: ఇది నాకు బాధ కలిగించే అపోహ, అందుకే వివరంగా చెబుతాను. గేదె ఈనితేనే పాలిస్తుంది. పాలు ఆగకుండా రావాలంటే మళ్లీ మళ్లీ చూడి కట్టించాలి. పుట్టిన దూడల్లో దాదాపు సగం మగవే. నాగలి లాగే రోజుల్లో దున్నకు పనుండేది, ట్రాక్టర్లు వచ్చాక దాని మేత ఖర్చే మిగిలింది. చాలా చోట్ల మగదూడకి చేపు కోసం రెండు గుక్కలు తాగించి పక్కకి లాగేస్తారు. పాలు చాలక నెలల వయసులోనే చనిపోయేవి ఎన్నో. బతికినవి, వట్టిపోయిన గేదెలు సంతకి, అక్కడి నుంచి కబేళాకి పోతాయి. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న మన దేశమే గేదె మాంసం ఎగుమతిలోనూ ముందు వరసలో ఉంది. ఈ రెండూ ఒకే పశువు జీవితంలోని రెండు చివరలు. పాల కోసం పశువుకి హాని చేసే ఇంజెక్షన్లు ఇవ్వడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం. అలాంటి సెక్షన్ పెట్టాల్సి వచ్చిందంటేనే ఆ పని జరుగుతోందని అర్థం.

రెండు గేదెలు పెట్టుకుని పిల్లల్ని చదివించుకుంటున్న తల్లుల మీద నాకు గౌరవం ఉంది. నా దగ్గరికి వచ్చే వీగన్లలో వాళ్లని తిట్టేవాళ్లు తక్కువ. "ఆ చావులో నాకు భాగం వద్దు" అంటారు, అంతే. ఆ మాటని ఫ్యాషన్ అని కొట్టిపారేయడం అన్యాయం.

అపోహ: పాలు పడకపోవడం జబ్బు, అలవాటు చేసుకుంటే పోతుంది.

వాస్తవం: పాలలోని లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్ ప్రపంచంలో ఎక్కువమందికి పెద్దయ్యాక తగ్గిపోతుంది. ఉత్తరాది కన్నా దక్షిణాదిలో ఇది ఎక్కువ. గ్యాస్, విరేచనాలతో అవస్థపడి పాలు మానేయడం సబబైన కారణమే.

అపోహ: వీగన్ అయితే బీపీ, షుగర్, బరువు అన్నీ దిగిపోతాయి.

వాస్తవం: మిర్చి బజ్జీ వీగనే. చిప్స్, కూల్ డ్రింకులూ వీగనే. ఆరోగ్యం కోసం మారేవాళ్లు ముందు ప్లేట్లో అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాలి. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సాగిన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనంలో, మాంసాహారుల కన్నా శాకాహారులు, వీగన్లలో గుండెకి రక్తం అందని జబ్బు 22 శాతం తక్కువగా కనిపించింది, పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువగా ఉంది. 2020లో అదే అధ్యయనం వీగన్లలో ఎముకలు విరగడం 43 శాతం ఎక్కువని చెప్పింది. మంచి సగమే షేర్ చేసుకుని రెండో సగం దాచడం ఎవరికీ మేలు చేయదు.

ఎముకల కోసం రాగులు, నువ్వులు రోజూ తినమంటాను. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, గేదె పాలలో 120 దాకా. నువ్వుల్లో రాగుల కన్నా రెండింతల పైనే. పాలకూర మీద ఆశ పెట్టుకోకండి, దాంట్లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు.

అపోహ: వీగన్లకి ప్రొటీన్ అందదు. విటమిన్ బి12 సంగతా, ఇడ్లీ పిండి పులుస్తుంది కదా, అందులో వచ్చేస్తుంది.

వాస్తవం: ఈ మధ్య ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. "మేడం, మీరైనా చెప్పండి. ఏడాది నుంచి పెరుగు ముట్టట్లేదు. దీనికి ప్రొటీన్ ఎక్కణ్నుంచి వస్తుంది?" అని ఆవిడ టెన్షన్. ప్రొటీన్ లెక్క వేస్తే సరిపోయింది. 60 కేజీల మనిషికి రోజుకి 50 గ్రాములు కావాలి. కందిపప్పు, పల్లీలు, శనగలు, మీల్ మేకర్ ఆ అమ్మాయి తింటూనే ఉంది.

"అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అమ్మా?" అని అడిగాను.

"అవును మేడం. ఆఫీసులో కూర్చునే ఉంటాను కదా, అందుకే అనుకున్నా. బి12కి స్పిరులినా వేసుకుంటున్నాను."

టెస్ట్ చేయిస్తే బి12 బాగా తక్కువ. స్పిరులినా అనే ఈ నాచు పొడిలో ఉండే బి12 ఎక్కువగా మన శరీరానికి పనికిరాని రకం. ఇడ్లీ పిండినీ నమ్ముకోలేం. బి12ని తయారుచేసేది బ్యాక్టీరియా. వీగన్లకి నమ్మకమైన దారి టాబ్లెట్ లేదా బి12 కలిపిన ఆహారం. లివర్‌లో నిల్వలు ఉంటాయి కాబట్టి మొదటి ఏడాది, రెండేళ్లు ఏమీ తెలియకపోవచ్చు. ఆలస్యం చేస్తే నరాలకి జరిగే నష్టం పూర్తిగా నయం కాకపోవచ్చు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ మందు కూడా బి12ని తగ్గిస్తుంది.

టాబ్లెట్ రాశాక ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న "ఇందులో జెలటిన్ ఉంటుందా?" అని. జెలటిన్ పశువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది కాబట్టి ఆమెకి క్యాప్సూల్ బదులు నాలుక కింద పెట్టుకునే బిళ్ల చూశాం. విటమిన్ డి3 కూడా ఎక్కువగా గొర్రె ఉన్ని జిడ్డు నుంచే తీస్తారు. పశువుల కోసం మారినవాళ్లకి నాచు, శిలీంధ్రం కలిసి పెరిగే లైకెన్ నుంచి తీసిన డి3 రాస్తాను. కారణం అడగకపోతే ఈ మందులు కొని బీరువాలో పడేస్తారు.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల వ్యవహారం.

వాస్తవం: బాదం పాల ప్యాకెట్ కొంటే అవును, పైగా వాటిలో ప్రొటీన్ చాలా తక్కువ. పల్లీ పెరుగైతే ఇంట్లోనే చేసుకోవచ్చు. పల్లీలు నానబెట్టి రుబ్బి, వడకట్టి, కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరపకాయల తొడిమలు నాలుగైదు వేసి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి తోడుకుంటుంది. మొదటిసారి పలచగా ఉంటుంది. దాంట్లో ఒక స్పూను తీసి మళ్లీ తోడు పెడితే చిక్కగా వస్తుంది. ఆవాలు, కరివేపాకు పోపు వేసి పెరుగన్నం కలిపితే బాగుంటుంది.

అపోహ: పెద్దవాళ్లకి సరిపడింది పసిపిల్లలకీ సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. ఏడాదిలోపు పాపకి తల్లిపాలకు బదులు బాదం పాలు, కొబ్బరి పాలు పోయకండి, ప్రాణం మీదకి వస్తుంది. తల్లిపాలు చాలకపోతే ఏ ఫార్ములా పట్టాలో పిల్లల డాక్టర్ని అడగండి. పాలిచ్చే తల్లి వీగన్ అయితే ఆమె బి12 మానకూడదు. ఆమెలో తగ్గితే పాలలోనూ తగ్గుతుంది. గర్భం ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు బి12, విటమిన్ డి, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు ముందే చేయించుకుని, రిపోర్టులతో డాక్టర్ని, డైటీషియన్‌ని ఇద్దర్నీ కలవండి.