కాళ్లు వాయలేదంటే నీరు లేనట్టేనా?

ఒంగోలులో డయాలసిస్ పేషెంట్లను చూస్తుంటాను. మంచం పక్కకు అల్ట్రాసౌండ్ స్కాన్ మెషీన్ తెస్తే చాలు, "కిడ్నీలు ఎట్టాగూ పోయినయ్యి, ఇంకేం చూస్తారు సార్?" అంటారు. చూసేది కిడ్నీలను కాదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందా అని.

అపోహ: కాళ్లు వాయలేదు, డ్రై వెయిట్‌కే (ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువుకే) దిగాను. ఇక ఒంట్లో నీరెక్కడిది?

వాస్తవం: చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కనిగిరి వైపు నుంచి వారానికి మూడుసార్లు బస్సులో వచ్చే ఒక పెద్దాయన డయాలసిస్ అయ్యాక ప్రతిసారీ సరిగ్గా 52 కిలోలు తూగేవారు. చీలమండ దగ్గర నొక్కితే గుంట పడదు. రాత్రిళ్లు మాత్రం రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే తప్ప నిద్ర లేదు. పక్కటెముకల మధ్య స్కాన్ మెషీన్ ప్రోబ్ (ఒంటికి ఆనించే భాగం) ఆనిస్తే స్క్రీన్ అడుగుదాకా తెల్లటి చారలు, ఊపిరితో పాటే కదులుతూ. వాటినే బి లైన్లంటాం. ఆకలి చచ్చిపోయి రెండు మూడు నెలల్లో ఆయన కండ కరిగింది, ఆ లోటును నీరు పూడ్చింది. కాటాకు కండైనా నీరైనా ఒకటే. డ్రై వెయిట్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ 50.5కు దించాం. ఇప్పుడు ఒక్క దిండే.

అపోహ: చారలు కనిపిస్తే అదంతా నీరే.

వాస్తవం: న్యుమోనియాలోనూ, ఊపిరితిత్తులు గట్టిపడినా చారలు వస్తాయి. డయాలసిస్‌కు ముందు, తర్వాత రెండుసార్లు చూస్తే ఏవి తగ్గాయో తెలుస్తుంది. బీపీ, గుండె పనితీరు, కడుపులోని పెద్ద సిర ఊపిరి పీల్చినప్పుడు ఎంత ముడుచుకుంటోందో కూడా కలిపి చూడాలి.

అపోహ: మాటిమాటికీ స్కాన్ చేస్తే రేడియేషన్.

వాస్తవం: ఇవి శబ్ద తరంగాలు. జెల్ చల్లగా తగలడమే ఇబ్బంది.

అపోహ: నీరుందని తేలిందిగా, ఈ పూటే మొత్తం లాగేయండి.

వాస్తవం: మేం తీసేది రక్తంలోంచి. కణాల చుట్టూ చేరిన నీరు రక్తంలోకి రావడానికి టైం పడుతుంది. తొందరపడితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకుంటాం. 60 కిలోల మనిషికి 4 గంటల్లో సుమారు 3.1 లీటర్లు.

అపోహ: స్కాన్ చూసి నీరు తీస్తే ఆయుష్షు పెరుగుతుంది.

వాస్తవం: అంత మాట అనలేను. డయాలసిస్ పేషెంట్లకు ఇలా ఊపిరితిత్తుల స్కాన్ చూసి నీరు తీస్తే మేలుందా అని పరీక్షించి, 2021లో వెలువడిన లస్ట్ ట్రయల్‌లో ఊపిరితిత్తుల్లో నీరు తగ్గింది గానీ, మరణాలూ గుండె సమస్యలూ కలిపి లెక్కేస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా ప్రోబ్ పక్కన పెట్టలేదు నేను. ఆయాసం లేకుండా పడుకోవడం ఎంత సుఖమో ఆ పెద్దాయన్ని అడగండి.

మొన్న ఆయనే అడిగారు, "ఊరగాయ స్కాన్‌లో కనపడుద్దా సార్?" అని. "ఊరగాయ కనపడదు, దాని ఉప్పుకు దాహమేసి మీరు తాగిన నీళ్లు కనపడతయ్యి" అన్నాను. పక్కనే ఉన్న ఆయన భార్య, "ఇంకో రెండు ముక్కలు పెట్టమంటారు సార్, రోజూ ఇదే గోల" అని అందుకుంది.