వ్యాన్‌కి గాలి పట్టిందంటే ఏంటంటే...

అమ్మలూ, నాన్నా, ఇద్దరికీ తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్లో అడిగారు కదా, రేడియేటర్ (ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు ఉండేది) నిండా నీళ్ళుంటే మన ఆమ్నీ వ్యాన్ ఎందుకు వేడెక్కింది తాతయ్యా అని. నిండా ఉన్నట్టు కనపడింది గానీ లోపల గాలి ఉందిరా. పొలంలో మోటారు చూశారుగా, పైపులో గాలి పడితే తిరుగుతూనే ఉంటది, చుక్క నీళ్ళు రావు. వ్యాన్లో వాటర్ పంపుదీ అదే కథ, గాలిని తొయ్యలేదు.

ఆ రోజు పొద్దున్నే షెడ్లో రేడియేటర్ కడిగించి, నీళ్ళు పోసి మూత పెట్టేసి శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోయింది, కాసేపటికి టక్కున కిందకి పడింది, అమ్మయ్య చల్లబడింది అనుకున్నా. అదే నేను చేసిన తప్పు. సెన్సార్ చుట్టూ నీళ్ళు లేక గాలే ఉంటే ముల్లు వేడిని సరిగ్గా చూపించదు, ఇంజన్ మాత్రం మాడిపోతూనే ఉంటది. వాసన రాగానే ఆపేశా. గంట పైనే ఆగి, పూర్తిగా చల్లారాక మూత తీస్తే ఇంకో లీటరు పైన పట్టింది.

వేడి మీద మూత ముట్టుకోవద్దు, ఇది మాత్రం ప్రాణం మీద ఒట్టేసి చెప్తున్నా. మూత బిగించి ఉంటే ఆ ప్రెషర్‌కి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు, తీసిన క్షణంలో ఒక్కసారిగా పొంగి మొహం మీదకి కొడతాయి.

ఇక గాలి తీయడం. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి రేడియేటర్ మూతి అన్నిటికంటే ఎత్తులో ఉండేలా బండిని కాస్త వాలులో పెట్టి చక్రాలకి రాళ్ళు వేయాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, సన్నగా, మెల్లగా పోయాలి, గబగబా పోస్తే గాలి మధ్యలో ఇరుక్కుంటది. మధ్యమధ్యలో లావు హోస్ పైపుని పిసుకుతుంటే బుడగలు బుడబుడమని వస్తాయి, ఆ చప్పుడంటే నాకు భలే ఇష్టం. హీటర్ ఉన్న బండైతే దాన్ని ఫుల్ హాట్‌లో పెట్టాలి, లేకపోతే ఆ పైపుల్లో గాలి అక్కడే ఉండిపోద్ది. తర్వాత మూత పెట్టకుండానే స్టార్ట్ చేసి స్లోలో వదిలేయాలి. నీళ్ళు 80 డిగ్రీల పైకి వచ్చాక థర్మోస్టాట్, అంటే వేడెక్కాక రేడియేటర్‌కి నీళ్ళని వదిలే వాల్వు, తెరుచుకుంటది, అప్పటిదాకా మూసుకునే ఉంటది కాబట్టి తొందరపడి మూత పెడితే దాని వెనక గాలి అలాగే మిగిలిపోద్ది. తెరుచుకోగానే మట్టం దిగుతుంది, పోస్తూ ఉండాలి, బుడగలు ఆగాక మూత. ఎంతసేపు చూసినా బుడగలు ఆగట్లేదంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగం కింద ఉండే సీలు) పోయిందేమో మెకానిక్‌కి చూపించాలి.

మన బోరు నీళ్ళు పోయకండి, లోపల సున్నం పేరుకుంటది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) సగం సగం. కూలెంట్ కింద ఒలికితే వెంటనే కడిగేయండి, తియ్యగా ఉంటదని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

మర్నాడు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్ళీ చూడాలి, కొంచెం దిగే ఉంటది. సెలవలకి వచ్చినప్పుడు ఎలాగూ కూలెంట్ మార్చాలి, అప్పటిదాకా ఆగుతా, టార్చ్ పట్టుకునే పని మీదే, ఫ్యాన్ దగ్గర మాత్రం చేతులు పెట్టొద్దు.

మీ తాతయ్య