అల్జీమర్స్ ఇంజెక్షన్ గురించి అపోహలు, వాస్తవాలు

రాత్రి పదిన్నర దాటాక నా ఫోను మోగిందంటే చాలావరకు అమెరికా నుంచే. "డాక్టరు గారూ, ఇక్కడ అల్జీమర్స్‌కు మందు వచ్చేసిందటండీ. నాన్నగారికి ఎలాగైనా ఇప్పించండి. డబ్బు సంగతి మేము చూసుకుంటాం." నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారని అడుగుతాను. అన్నం కలిపి పెట్టాలట, ఉన్న ఇంట్లోనే బాత్రూం ఎటో తెలియడం లేదట, కూతురిని చూసి చెల్లెలు అనుకుంటున్నారట. ఈ మందు ఆయన దశకు కాదన్న నా జవాబు అక్కడితో తేలిపోతుంది. దాన్ని ఫోను చేసినవారికి చెప్పడానికి మాత్రం అరగంట పడుతుంది. న్యూరాలజిస్టుగా ఈ మధ్య నేను పదేపదే చెప్పాల్సి వస్తున్నది ఇదే కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: కొత్త ఇంజెక్షన్‌తో పోయిన జ్ఞాపకాలు తిరిగి వస్తాయి.

రావు. ఆ మాట మందు తయారుచేసిన కంపెనీలు కూడా అనలేదు. ఈ కొత్త ఇంజెక్షన్లలో లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పూర్తి అనుమతి ఇచ్చింది. రెండూ మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను తొలగిస్తాయి. ఆ పని బాగానే చేస్తాయి, స్కానులో తేడా కనిపిస్తుంది. కానీ అమిలాయిడ్ పోయినంత మాత్రాన చనిపోయిన నాడీకణాలు లేచి కూర్చోవు.

లెకానెమాబ్ జబ్బును నెమ్మదింపజేస్తుందంటూ వాట్సాప్‌లో తిరిగే "27 శాతం" సంగతి చూడండి. లెకానెమాబ్ ప్రయోగంలో 1,795 మంది పాల్గొన్నారు. జబ్బు తీవ్రతను 18 పాయింట్ల స్కేలు మీద కొలిచారు. ఏడాదిన్నర తరవాత డమ్మీ మందు తీసుకున్నవారు 1.66 పాయింట్లు దిగజారితే, అసలు మందు తీసుకున్నవారు 1.21 దిగజారారు. అంటే ఇద్దరూ దిగజారారు, ఒకరు కాస్త నెమ్మదిగా. 1.66లో ఆ 0.45 తేడానే 27 శాతం. శాస్త్రపరంగా ఇది చిన్న విజయం కాదు. దశాబ్దాలపాటు ఒకదాని తరవాత ఒకటి బోల్తా కొట్టిన రంగం ఇది. అయితే ఇంట్లోవాళ్లకు ఆ తేడా కంటికి ఆనుతుందా అన్నదానిపై మా న్యూరాలజిస్టుల మధ్యే వాదన ఇంకా తెగలేదు. మీ పెదనాన్న మళ్లీ పొలం లెక్కలు చూసుకుంటారని మాత్రం ఎవరూ అనడం లేదు.

పైగా ఆ ప్రయోగాల్లోకి తీసుకున్నది తొలిదశ వారినే. అమిలాయిడ్ ఉందని పెట్ స్కానులోనో, వెన్ను నీటి పరీక్షలోనో రుజువు కావాలి. లెకానెమాబ్ అయితే రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి, మొదటి నెలల్లో ఎంఆర్ఐలు మళ్లీ మళ్లీ తీయాలి. ఎందుకంటే మెదడులో వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు రావచ్చు. లెకానెమాబ్ తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి వాపు కనిపించింది. చాలామందికి పైకి ఏమీ తెలియదు, దానంతట అదే తగ్గుతుంది. కానీ డొనానెమాబ్ ప్రయోగంలో ఈ కారణంగానే ముగ్గురు చనిపోయారు. అల్జీమర్స్ ముప్పును పెంచే అపోఈ4 అనే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు వచ్చినవారికి ముప్పు మరీ ఎక్కువ. 2025లో లెకానెమాబ్‌ను అనుమతించిన యూరోపియన్ యూనియన్, ఇలా రెండు ప్రతులు ఉన్నవారిని మినహాయించింది. రక్తం పలచబడే మందులు వాడేవారి విషయంలోనూ మేము వెనకాడతాం. లెకానెమాబ్‌కు అమెరికాలో కంపెనీ 2023లో ప్రకటించిన ధర ఏడాదికి 26,500 డాలర్లు. స్కానుల ఖర్చు వేరు.

ఇదే ఇంజెక్షన్ కోసం ఒక కుటుంబం ఎకరం పొలం బేరం పెట్టి మరీ నా దగ్గరికి వచ్చింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. కాగితం ఇచ్చి గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నాను. గుండ్రం చక్కగా గీశారు. అంకెలన్నీ కుడివైపు సగంలోనే ఇరికించారు. ఒక ముల్లు పదకొండు మీద, రెండోది పది మీద పెట్టారు. పది నిమిషాలు అన్నాను కదా మరి. గీసి, విద్యార్థి పేపరు దిద్దినట్టు కింద సంతకం చేసి నా చేతికిచ్చారు. పక్కనున్న భార్య, "మొన్నమొన్నటి దాకా ఊళ్లో పిల్లలందరికీ లెక్కలు చెప్పారండీ" అన్నారు. ఆ "మొన్నమొన్నటి" గురించి ఆరా తీస్తే ఆరేళ్లు తేలింది. పొలం అమ్మవద్దని గట్టిగానే చెప్పాను. వాళ్లకు అప్పుడు కావలసింది పగలు తోడుండే మనిషి, గేటుకు ఆయన తీయలేని గడియ, రాత్రుళ్లు ఆమెకు కాస్త నిద్ర. డొనెపెజిల్, మెమాంటిన్ లాంటి పాత మాత్రలు మన దగ్గర తక్కువ ధరకే దొరుకుతాయి. అవీ జబ్బును ఆపవు గానీ లక్షణాలను కొంతకాలం కాస్త అదుపులో ఉంచుతాయి. కొడుకు ముఖం చిన్నబోయింది. ఆయన్ను తప్పుపట్టను. తండ్రి కళ్లెదుటే కరిగిపోతుంటే ఏ వార్తనైనా పట్టుకొని వేలాడాలనిపిస్తుంది. నా కోపమంతా ఆ వార్తను "అల్జీమర్స్‌కు చెక్" అని రాసి వదిలేవాళ్ల మీదే.

అపోహ: వయసు మళ్లాక మతిమరుపు మామూలే, చాదస్తం అంతే.

పై మాస్టారి ఇంట్లో ఆరేళ్లు ఎలా పోయాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పాత నటుడి పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయి, సాయంత్రానికి గుర్తొస్తే అది వయసు. అడిగిన ప్రశ్ననే పది నిమిషాలకోసారి కొత్తగా అడుగుతుంటే, ఏళ్ల తరబడి నడిపిన చీటీపాట లెక్క తప్పుతుంటే అది వయసు కాదు. అలాగని ప్రతిదీ అల్జీమర్సూ కాదు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, ఎప్పుడో తలకు తగిలిన దెబ్బతో లోపల గడ్డకట్టిన రక్తం, ఇవన్నీ అదే వేషంలో వస్తాయి. ఒక పెద్దావిడను డిమెన్షియా (మతి క్షీణించే జబ్బులన్నిటికీ కలిపి పేరు, అల్జీమర్స్ అందులో ఒకటి) అని రాసిన చీటీతోనే తీసుకొచ్చారు. సంచీలోంచి మాత్రల అట్టలు బల్ల మీద పరిచి చూస్తే మూత్రం ఆపుకోవడానికి ఒకటి, నిద్రకు రెండు, జలుబుకని ఎవరో ఇచ్చిన పాతరకం అలర్జీ మాత్ర ఒకటి. మతిని మసకబరిచేవి ఇలాంటి మాత్రలే. వాటిని ఒక్కొక్కటిగా తగ్గిస్తూ వచ్చాం. రెండు నెలలకు వచ్చి, ఫీజు ఎప్పుడు పెంచారని నన్ను నిలదీసింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. అల్యూమినియం గిన్నెల వల్ల అల్జీమర్స్ వస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. గిన్నెలు పారేయకండి. అమ్మకు వస్తే నాకూ వచ్చి తీరుతుందా? లేదు. ఒకే జన్యువు లోపంతో తరతరాలుగా దిగే రకం మొత్తం కేసుల్లో ఒక శాతం కూడా ఉండదు. మధుమేహానికి, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ దీనికీ పనిచేస్తుందని చాలా ఆశపడ్డారు. 2025 నవంబరులో రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు వచ్చాయి, జబ్బు నెమ్మదించలేదు. స్టెమ్‌సెల్స్ ఎక్కిస్తామని డబ్బు అడిగేవారి గడప తొక్కకండి.

రక్తపరీక్ష మాట కొంచెం ఆగి చెప్పాలి. నలభై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కూడా పీ-టౌ 217 (అల్జీమర్స్‌కు సంబంధించిన ప్రొటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్ష) రాసివ్వమని అడుగుతున్నారు. మీటింగులో ఒక పేరు మరిచిపోయారట, నిద్ర పట్టడం లేదట. బాబూ, ముందు నిద్రపోండి. ఆ పరీక్ష నిజంగానే మంచి ముందడుగు. దాని ఆధారంగా అమెరికాలో 2025 మేలో అనుమతి పొందిన మొదటి రక్తపరీక్ష 55 ఏళ్లు దాటి, అప్పటికే లక్షణాలు ఉన్నవారి కోసం. ఏ లక్షణమూ లేని మనిషిలో పాజిటివ్ వస్తే జబ్బు ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో అది చెప్పదు. మిగిలేది బెంగ.

నివారణ లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున నిపుణుల కమిషన్ 2024లో మార్చుకోగల 14 కారణాలను లెక్కగట్టింది. సిద్ధాంతపరంగా వాటన్నింటినీ తొలగించగలిగితే డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా తప్పించవచ్చు లేదా వాయిదా వేయవచ్చు. బీపీ, షుగర్, పొగ, చెడు కొలెస్టరాల్, చూపు, వినికిడి అన్నీ అందులో ఉన్నాయి. మన ఇళ్లలో చెవిటి మెషిన్ పెట్టుకోవడమంటే నామోషీ. కళ్లజోడుకు లేని సిగ్గు దానికెందుకో నాకు అర్థం కాదు. ఇక హైదరాబాద్‌వాసులకు ఒక మంచి కబురు. నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురాని వారిలోనూ ఆ తేడా ఉంది. పరిశీలన మాత్రమే కాబట్టి భాషే కారణమని తేల్చేయలేం. అయినా మెదడు ఆటల యాప్‌లకు నెలనెలా డబ్బు కట్టేకంటే, పక్కింటివారితో ఉర్దూలో ముచ్చట్లు పెట్టుకోవడమే నాకు నచ్చుతుంది.

చూపించుకోవడానికి వచ్చేటప్పుడు రోజూ కాఫీ ఇచ్చే మనిషిని వెంట తీసుకురండి. ఏడాదికోసారి వచ్చే కొడుకు ఒక్కడే వస్తే నాకు సగం సంగతులు తెలియవు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక సంచిలో వేసుకురండి. ఏ మార్పు ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసి నా చేతికివ్వండి. పెద్దాయన ఎదురుగా కూర్చుని "ఈయనకేమీ గుర్తుండదండీ" అని మొదలుపెట్టకండి, ఆయనకు వినపడుతుంది.