బస్‌స్టాప్ దగ్గర మీరు చూసిన ఆయన గురించి

చిన్నా, నానీ,

మొన్న వేసవిలో నేను గ్లాస్గో వచ్చినప్పుడు మీ ఇంటి దగ్గరి బస్‌స్టాప్‌లో ఒకాయన్ని చూసి, నా చెయ్యి గుంజి "తాతయ్యా, గౌను!" అని కిసకిస నవ్వారు, గుర్తుందా? ఆయన చేతిలో కూరగాయల సంచి ఉంది, ఇంటికి వెళ్తున్నాడు. ఇంతలో బస్సు వచ్చేసింది. చెప్పాల్సింది మనసులోనే ఉండిపోయింది, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

అది గౌను కాదు, కిల్ట్. స్కాట్లండ్ కొండల్లో పశువులు కాసుకునే మగవాళ్ళ బట్ట అది. మొదట్లో కుట్టే లేదు, ఒక పెద్ద ఉన్ని దుప్పటి, అంతే. నేల మీద పరిచి, కుచ్చిళ్ళు పెట్టి, దాని మీద పడుకుని నడుముకు బెల్టు బిగించి లేచేవాళ్ళు, మిగిలిన గుడ్డ భుజం మీదికి. రాత్రయితే విప్పి అదే కప్పుకుని పడుకునేవాళ్ళు. మన గొర్రెల కాపరులకు గొంగళి ఎలాగో వాళ్ళకు అది అలాగ. ఆ తడి గడ్డిలో ప్యాంటు వేసుకుని నడిస్తే కాళ్ళకు అతుక్కుపోతుంది, కిల్ట్ అయితే మోకాలి దగ్గరే ఆగిపోతుంది, తడిసిన కాలు ఊరికే ఆరిపోతుంది. ఇప్పటి కిల్ట్ దాని కింది సగమే. ముందు చదునుగా, వెనక కుచ్చిళ్ళు, మంచిదానికి ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ పడుతుంది. జేబులుండవు కాబట్టి ముందు తోలు సంచి వేలాడుతుంది, దాన్ని స్పోరాన్ అంటారు. నేను డబ్బులు రొంటిన దోపుకోనూ?

అసలు సంగతి ఇది. 1746లో రాజు మీద తిరగబడ్డ కొండవాళ్ళు కలోడెన్ దగ్గర యుద్ధంలో ఓడిపోయాక, ప్రభుత్వం వాళ్ళ బట్ట మీదే చట్టం చేసింది. 1747 ఆగస్టు 1 నుంచి సైన్యంలో ఉన్నవాళ్ళు తప్ప స్కాట్లండ్‌లో మగవాళ్ళు, మగపిల్లలు ఎవరూ కిల్ట్ కట్టకూడదు. మగపిల్లలు అంటే మీలాంటివాళ్ళు కూడా! ఒకసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్ళు సముద్రం అవతలికి. 1782లో ఆ చట్టం తీసేశారు, కానీ ముప్ఫై అయిదేళ్ళంటే ఒక తరం గడిచిపోయింది, నాన్న కట్టగా చూడని పిల్లాడు పెద్దవాడయ్యాక ఎలా కడతాడు? మన పల్లెల చరిత్రలు, ఆ కైఫీయత్తులన్నీ రాయించి పెట్టిన కల్నల్ మెకంజీ ఆ నిషేధం రోజుల్లోనే, 1754లో, అక్కడి లూయిస్ దీవిలో పుట్టాడు.

1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వస్తూ తానే కిల్ట్ వేసుకున్నాడు. అప్పట్నించి దానికి గౌరవం వచ్చింది కానీ, అది పండగ బట్ట అయిపోయింది. ఇప్పుడు పెళ్ళిళ్ళకి, ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి తీస్తారు, మళ్ళీ బీరువాలో పెడతారు. రోజూ కట్టేవాళ్ళు బాగా తక్కువ.

మన ఇంట్లోనూ అదే జరిగింది, చట్టమేమీ లేకుండానే. మా నాన్న పొలానికీ పంచెతోనే, కోర్టుకీ పంచెతోనే. మీ నాన్న పెళ్ళిలో ఒక్క పూట కట్టాడు, అదీ జారిపోతుందేమోనని టెన్షన్‌తో. నేను రోజూ కడతాను. అందుకే మీరు ఆయన్ని చూసి నవ్వితే నాకు కొంచెం గుచ్చుకుంది. కోపం కాదురా, మీకు తెలియక నవ్వారు. కూరలకు వెళ్ళేటప్పుడు కూడా కిల్ట్ కట్టుకునే ఆయన అంటే నాకు చాలా ఇష్టం.

ఆయన మళ్ళీ కనిపిస్తే గుడ్ మార్నింగ్ చెప్పండి. కిల్ట్ గుడ్డ మీద గళ్ళుంటాయి కదా, ఆ గళ్ళ రకం ఒక్కోదానికీ ఒక్కో పేరుంటుందట, ఆయనది ఏమిటో అడిగి నాకు ఫోన్లో చెప్పండి. సంక్రాంతికి వచ్చేసరికి మీ ఇద్దరికీ చిన్న పంచెలు కొని ఉంచుతాను, ఎంత ఎత్తు పెరిగారో నాన్నని కొలిచి పంపమనండి.

మీ తాతయ్య