గుంజితే నిలవదు జడ

మా పాప ఒకటో తరగతిలో చేరిన కొత్తలో పొద్దున్నే ఇంట్లో రోజూ ఏడుపే. స్కూల్లో రెండు జడలు, తెల్ల రిబ్బన్లు తప్పనిసరి. ఎనిమిదింటికి ఆటో వస్తుంది. నాకేమో జడ వేయడం సరిగ్గా రాదు. చిన్నప్పుడు వరంగల్ కొత్తవాడలో అమ్మే వేసేది. ఇంటర్‌కొచ్చాక భుజాల దాకా కత్తిరించుకున్నాను, ఇక నేర్చుకునే అవసరమే రాలేదు. పాపకు వేసిన జడ మధ్యాహ్నానికే వదులైపోతోందని మర్నాడు ఇంకాస్త బిగించేదాన్ని. పాపకు ఏడుపు, నాకు టెన్షన్. ఒకరోజు అమ్మ మా హనుమకొండ ఇంటికి వచ్చినప్పుడు ఇదంతా చూసి, నా చేతిలోంచి దువ్వెన తీసుకుంది.

“గంత గట్టిగ గుంజకు బిడ్డా, దాని నెత్తి నొస్తది. గుంజితే నిలవదు జడ” అంది.

మరి దేనితో నిలుస్తుంది? ఆ సంగతి అమ్మ చేతులకు తెలుసు, మాటల్లో చెప్పడం ఆమెకు రాలేదు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. జవాబు నా సబ్జెక్టులోనే ఉందని తెలుసుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఒక వెంట్రుకతో మొదలుపెడతాను. దాని మందం సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతుకు మించదు, పిల్లలది ఇంకా సన్నం. కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారైన ఈ పోగు మీద పొలుసుల పొర ఉంటుంది. పెంకుటింటి కప్పు మీద గూనపెంకులు ఒకదాని మీద ఒకటి వాలినట్టు ఆ పొలుసులు పరుచుకుని ఉంటాయి. అన్నిటి అంచులూ కొస వైపే. రాలిన పొడవాటి వెంట్రుక ఒకటి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, పొడవునా ముందుకీ వెనక్కీ రుద్ది చూడండి. అది మెల్లగా ఒక వైపుకు పాకుతుంది, కుదురు ఉన్న చివరే ఎప్పుడూ ముందు నడుస్తుంది. వేలు కుదురు నుంచి కొసకు జరిగినప్పుడు పొలుసుల మీద నుంచి జారిపోతుంది, కొస నుంచి కుదురుకు జరిగినప్పుడు అంచులు వేలిని పట్టుకుంటాయి. క్లాసులో ఘర్షణ పాఠం మొదలుపెట్టే రోజు ఇప్పుడు నేను ఈ ప్రయోగమే చేయిస్తున్నాను.

జడను పట్టి ఉంచేది ఆ ఘర్షణే. కుడి పాయను నడిమి పాయ మీదుగా, తర్వాత ఎడమ పాయను కొత్తగా నడిమికి వచ్చిన పాయ మీదుగా వేస్తాం. అలా ఒక పాయ ఇంకో పాయను దాటిన ప్రతిచోటా రెండూ ఒకదాన్నొకటి అదుముకుంటాయి. అదుము పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. కదలని స్తంభానికి తాడు ఒక్క చుట్టు కాకుండా రెండు చుట్లు తిప్పితే బరువు ఎంత సులువుగా ఆగుతుందో, ఇక్కడ కూడా అంతే. మలుపు మలుపుకూ పట్టు హెచ్చుతుంది. అందుకే అంత పొడవైన జడకు కొసన చిన్న రిబ్బను ముడి సరిపోతుంది.

నేను తప్పు చేస్తున్నది ఇక్కడే. కుడి చేతి పాయను గట్టిగా, ఎడమ చేతి పాయను వదులుగా లాగేదాన్ని. మూడింటిలో ఒకటి ఎక్కువ బిగిస్తే అది నిటారుగా కర్రలా నిలబడిపోతుంది, మిగతా రెండూ దాని చుట్టూ వదులుగా తిరుగుతాయి. ఒకదాన్నొకటి అదుముకునే పని సగం ఆగిపోతుంది. పరుగెత్తే పిల్ల తలలో ఆ నిటారు పాయ జారడం మొదలైతే జడ మొత్తం వదులవుతుంది. మూడు పాయలూ ఒకే మందంగా తీసి, ఒకే బిగువుతో వేస్తే, మెత్తగా వేసిన జడ కూడా సాయంత్రం దాకా ఆగుతుంది.

జడ మీద గణితం కూడా ఉంది. 1925లో ఎమిల్ ఆర్టిన్ అనే గణితవేత్త హాంబర్గ్‌లో జడల సిద్ధాంతం ప్రచురించాడు. పాయలు ఏ వరసలో, ఏది పైనుంచి ఏది కిందనుంచి దాటుతుందో బీజగణితంలా రాసే పద్ధతి అది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలు మూడు తీసుకుని జడ అల్లి లెక్కపెట్టండి. సరిగ్గా ఆరు దాటులకు మూడు రంగులూ మొదటి చోట్లకే తిరిగి వస్తాయి. నన్ను బాగా ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటి. అలా అల్లిన జడలో ఏ రెండు దారాలూ ఒకదానితో ఒకటి మెలిపడి ఉండవు. మూడోది జాగ్రత్తగా లాగేస్తే మిగిలిన రెండూ చిక్కు లేకుండా విడిపోతాయి. ఏ రెండింటికీ లేని కట్టు మూడింటికి కలిపి ఉంది.

రెండు పాయలతో అల్లాలంటే దారి వేరు. మా తాతయ్య కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు అవే. ఆయన దారాలు పేనడం చూసేదాన్ని. ఒక్కో పోగును ఒక వైపు మెలిపెట్టి, రెండింటినీ కలిపి ఎదురు వైపు తిప్పేవాడు. ఒక మెలిక విప్పుకోవాలని చూస్తే రెండోది ఇంకా బిగుస్తుంది. తాడులా మెలితిప్పే జడకూ ఇదే సూత్రం. రెండు పాయల్నీ ఊరికే ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే చేయి వదలగానే విడిపోతాయి.

గుంజడం వల్ల జడ నిలవకపోవడమే కాదు, నష్టం కూడా ఉంది. వెంట్రుక చాలా గట్టిది. ఒక్కటే సుమారు 100 గ్రాముల బరువు మోయగలదు. కానీ అది పుట్టే కుదురు ప్రాణమున్న కణజాలం, గుంజితే ముందు అలిసిపోయేది అదే. రోజూ బిగించి లాగితే కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది. గ్రీన్‌లాండ్ మహిళల్లో, జుట్టును బిగించి పైకి కట్టుకోవడం వల్ల ఇలా ఊడడాన్ని 1907లోనే వైద్యులు నమోదు చేశారు. పాపిట పక్కన నొప్పి, ఎర్రదనం, చిన్న చిన్న పొక్కులు కనిపించిన దశలో బిగువు తగ్గిస్తే జుట్టు మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి సాగితే కుదురు మచ్చకట్టిపోయి ఇక మొలవదు. పిల్ల “నొస్తుందమ్మా” అంటే అది మారాం కాదు. ఆ మాట విన్నప్పుడల్లా జడ విప్పి మళ్లీ వేయండి, ఆటో వెళ్లిపోయినా సరే. పాపిట కూడా అప్పుడప్పుడూ మారుస్తూ ఉంటే ఒకే చోట భారం పడదు.

చిక్కు తీయడంలోనూ ఇదే న్యాయం. హార్వర్డ్‌లో ఎల్. మహదేవన్ బృందం 2022లో చిక్కు మీద ఒక పరిశోధన ప్రచురించింది. తన కూతురు చిన్నగా ఉన్నప్పుడు తల దువ్విన జ్ఞాపకాన్ని ఆయన ఆ సందర్భంలో చెప్పాడు. ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడిన రెండు పోగుల్ని దువ్వుతూ కొలిస్తే తేలింది ఇది: కొసల దగ్గర చిన్న చిన్న దువ్వులతో మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. పైనుంచి ఒకేసారి దువ్వితే మెలికలన్నీ కిందికి పోగుపడి ముడిలా బిగుస్తాయి. అమ్మ చేసేదీ ఇదే. పైగా చిక్కుకు పైన జుట్టును గుప్పిట్లో పట్టుకుంటుంది, లాగుడు నెత్తి దాకా పోకుండా.

తలంటు పోసిన రోజు మాత్రం తొందరపడకూడదు. వెంట్రుక తన బరువులో 30 శాతం దాకా నీళ్లు పీల్చుకోగలదు. నీళ్లు లోపలికి పోగానే కెరాటిన్ పోగుల్ని కట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి. తడి వెంట్రుక ఎక్కువ సాగుతుంది, తక్కువ బలానికే తెగుతుంది. ఆరాక ఆ బంధాలు అప్పుడున్న ఆకారంలోనే మళ్లీ ముడిపడతాయి. తడి జడ ఆరి విప్పితే జుట్టు అలలు అలలుగా ఉండేది అందుకే. తేమకు వెంట్రుక కాస్త పొడుగవుతుంది, ఎండితే పొట్టిదవుతుంది. దీన్ని ఆధారం చేసుకునే జెనీవాకు చెందిన సొస్యూర్ అనే శాస్త్రవేత్త 1783లో వెంట్రుకతో గాలిలో తేమ కొలిచే పరికరాన్ని ప్రకటించాడు. తడి మీద బిగించిన జడ కూడా ఆరేకొద్దీ పొట్టిదవుతూ కుదుళ్లను లాగుతుంది. ముందు ఆరనివ్వాలి.

నూనె గురించి ఒక్క మాట. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, పొడవుగా సాఫీగా ఉంటుంది. అందుకే వెంట్రుక లోపలికి పోగలదు. 2003లో ముంబై పరిశోధకులు మూడు రకాల నూనెలు పోల్చి, దువ్వినప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడింది కొబ్బరి నూనేనని చూపారు. కొబ్బరి నూనె తయారుచేసే కంపెనీలో జరిగిన పని అది, ఆ సంగతీ గుర్తుపెట్టుకోవాలి. నూనె పొలుసుల్ని నునుపు చేస్తుంది కాబట్టి చిక్కు తేలిగ్గా వస్తుంది. కానీ బాగా పట్టించిన రోజు అదే నునుపు వల్ల పాయలు జారతాయి.

పాప జడ కుదిరాక నాకూ జుట్టు పెంచాలనిపించింది. మన జడ మనమే వేసుకోవడం పూర్తిగా వేరే విద్య. చేతులు తల వెనక పైకెత్తి ఉంచితే రెండు నిమిషాలకే భుజాలు లాగుతాయి. కండరం కదలకుండా బిగుసుకుని ఉన్నంతసేపూ లోపల రక్తనాళాలు నొక్కుకుపోతాయి, రక్తం పైకి ఎక్కాల్సిన శ్రమ వేరే. అందుకని మెడ దాకా వెనక అల్లి, మిగతాది భుజం మీదుగా ముందుకు తెచ్చుకుంటాను. అద్దం వల్ల సాయం కంటే గందరగోళమే ఎక్కువ. కళ్లు చెప్పే దిక్కు ఒకటి, చేతులకు తెలిసిన దిక్కు ఇంకొకటి. కళ్లు మూసుకుంటే మేలు, ఎందుకంటే కండరాల్లోనూ కీళ్లలోనూ ఉన్న గ్రాహకాలు చేయి ఎక్కడుందో మెదడుకు చెబుతూనే ఉంటాయి. వేళ్లకు ఆ లెక్క అలవాటయ్యేదాకా ఒక పాయలో ఎర్ర ఉన్ని దారం కలిపి వేసుకునేదాన్ని. ఆరు దాటులకోసారి ఆ గరుకు దారం మళ్లీ అదే వేళ్ల మధ్యకు వచ్చేది. రాకపోతే ఎక్కడో తప్పినట్టు, రెండు దాటులు విప్పి మళ్లీ మొదలు.

మొన్న సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర గంటన్నర ఆడాం. పాప రెండు జడల్లో బంతిపూలు, నా జడలో తంగేడు రెమ్మ, కాడలు పాయల మధ్యకు దోపినవే. ఇంటికొచ్చి అమ్మ పాప జడలు విప్పుతూ వేలితో కణతల దగ్గర తడిమి చూసింది. ఎక్కడా ఎర్రబడలేదు.