ఓటీఎన్ ప్రమాణాలు: అపోహలు - వాస్తవాలు

టెలికాం ట్రాన్స్‌పోర్ట్ టీమ్‌లో కొత్తగా చేరేవాళ్లకు రౌటింగ్, స్విచింగ్ బాగానే వచ్చు. ఓటీఎన్ (ఆప్టికల్ ట్రాన్స్‌పోర్ట్ నెట్‌వర్క్, ఫైబర్ మీద డేటాను దూరం మోసే పద్ధతి) దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొన్ని తప్పుడు మాటలు సీనియర్ల నుంచి జూనియర్లకు అలాగే దిగుతున్నాయి. నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: ఓటీఎన్ అన్నా డీడబ్ల్యూడీఎమ్ అన్నా ఒకటే.

కాదు. ఒకే ఫైబర్‌లో వేర్వేరు తరంగదైర్ఘ్యాల కాంతిని పంపడం డీడబ్ల్యూడీఎమ్ పని. ఆ కాంతి మీద వెళ్లే బిట్లను ఏ ఫ్రేములో పెట్టాలి, ఎక్కడి నుంచి వచ్చాయో ఎలా గుర్తించాలి, దారిలో పాడైన వాటిని ఎలా సరిచేయాలి అన్నది ఓటీఎన్ చూసుకుంటుంది. దీనికి ఆధారం ఐటీయూ-టీ (ఐక్యరాజ్యసమితి కింద టెలికాం ప్రమాణాలు ఇచ్చే సంస్థ) ప్రమాణం జీ.709. మొదటి కూర్పు 2001లో వచ్చింది. చాలామంది దాంతోనే ఆపేస్తారు. ఏ అలారం ఎందుకు వచ్చిందో, ఏది దేన్ని కప్పేస్తుందో తెలియాలంటే పరికరాల ప్రవర్తనను చెప్పే జీ.798 కూడా తిరగేయాల్సిందే.

అపోహ: ఎస్‌డీహెచ్‌కే (ఓటీఎన్‌కు ముందు తరం ట్రాన్స్‌పోర్ట్ పద్ధతి) వేగం పెంచి కొత్త పేరు పెట్టారు.

ఓవర్‌హెడ్ బైట్ల (కస్టమర్ డేటాతో పాటు పర్యవేక్షణకు చేర్చే బైట్ల) ఆలోచన అక్కడి నుంచే వచ్చింది, నిజమే. కానీ ఎస్‌డీహెచ్‌లో వేగం ఎంతైనా ఫ్రేము నిడివి 125 మైక్రోసెకన్లే, వేగంతో పాటు ఫ్రేము పెద్దదవుతుంది. ఓటీఎన్‌లో ఫ్రేము పరిమాణం మారదు. ఓటీయూ అంటే లైన్ మీద వెళ్లే ఈ ఫ్రేము, పక్కన ఉన్న అంకె వేగం స్థాయి. ఓటీయూ1 నుంచి ఓటీయూ4 దాకా ఎప్పుడూ 4 వరుసలు, 4080 కాలమ్‌లు. వేగం పెరిగేకొద్దీ అదే ఫ్రేము తొందరగా వెళ్లిపోతుంది: ఓటీయూ1లో సుమారు 49 మైక్రోసెకన్లు, ఓటీయూ4లో 1.17. పైగా నెట్‌వర్క్ అంతా ఒకే క్లాక్‌కు కట్టుబడి ఉండాల్సిన పనిలేదు. కస్టమర్ సిగ్నల్‌ను దాని క్లాక్‌తో సహా మోసుకెళ్లి అవతల దించవచ్చు.

అపోహ: 10జీ ఈథర్నెట్ ఓటీయూ2లో హాయిగా పడుతుంది.

పేరులో రెండింటికీ పదే ఉంది కాబట్టి అందరూ ఇలాగే అనుకుంటారు. లెక్క చూడండి. 10జీ ల్యాన్ ఈథర్నెట్ లైన్ మీద నడిచే వేగం సెకనుకు 10.3125 గిగాబిట్లు. ఓటీయూ2 లోపల పేలోడ్‌కు (కస్టమర్ డేటాకు) దొరికే చోటు సుమారు 9.995. ఓటీయూ2ను ఎస్‌డీహెచ్ వారి 9.953 గిగాబిట్ల ఎస్‌టీఎమ్-64కు సరిపోయేలా కొలిచి కుట్టారు మరి. మార్కెట్ మాత్రం ఈథర్నెట్ వైపు వెళ్లింది. దాంతో రెండు దారులు పుట్టాయి. ఒకటి, ఈథర్నెట్ ఫ్రేములను విడదీసి జీఎఫ్‌పీ అనే పద్ధతిలో చుట్టి పంపడం. రెండోది, మొత్తం ఓటీఎన్ ఫ్రేమునే వేగంగా తిప్పి బిట్‌కు బిట్ మోయడం. ఈ రెండోదే ఓటీయూ2ఈ, వేగం 11.0957 గిగాబిట్లు. ఇవతల ఒక పద్ధతి, అవతల ఇంకో పద్ధతి పెడితే ఆప్టికల్ పవర్ చక్కగా ఉన్నా సర్వీసు లేవదు. లింక్ లేపేటప్పుడు ముందు చూడాల్సింది రెండు చివర్లా మ్యాపింగ్ (ఫ్రేములో పెట్టే పద్ధతి) ఒకటేనా కాదా అని.

ఈ తేడా ప్లానింగ్‌లోనూ దెబ్బకొడుతుంది. 40జీ లైన్‌లో (ఓడీయూ3; ఓడీయూ అంటే ఓటీయూ లోపల సర్వీసును మోసే డబ్బా) నాలుగు 10జీలు పట్టాలి కదా? ఓటీయూ2ఈ లోపలి ఓడీయూ2ఈ అయితే మూడే పడతాయి. అందులో మొత్తం 32 స్లాట్లు, ఒక్కో ఓడీయూ2ఈకి 9 కావాలి. ఓడీయూ4 నాటికి ఈ పాఠం నేర్చుకున్నారు. అక్కడ 80 స్లాట్లు, ఒక్కోదానికి 8 చాలు, లెక్కగా పది కూర్చుంటాయి. 1జీ ఈథర్నెట్ కోసం ఓడీయూ0, ఏ వేగానికైనా సరిపోయే ఓడీయూఫ్లెక్స్, 100జీ దాటిన వేగాలకు 2016 కూర్పులో ఓటీయూసీఎన్ కూడా ఇలా క్లయింట్ (మోయాల్సిన కస్టమర్ సిగ్నల్) మారితే ప్రమాణం సర్దుకోవడం వల్ల వచ్చినవే.

అపోహ: అలారం లేదు, ఎర్రర్ లేదు, కాబట్టి లింక్ బాగుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఓటీయూ1 నుంచి ఓటీయూ4 దాకా ప్రతి ఫ్రేము చివర 256 కాలమ్‌లు ఎఫ్‌ఈసీకి (దారిలో చెడిన బిట్లను దిద్దే అదనపు సమాచారానికి) కేటాయించారు. జీ.709లోని మూల పద్ధతి రీడ్-సాలమన్ 255,239. సముద్రగర్భ కేబుళ్ల కోసం ముందే వాడుకలో ఉన్నది. 255 బైట్ల ఒక్కో గుంపులో 8 బైట్ల వరకు తప్పులు తానే దిద్దుతుంది. పది వేల బిట్లకు ఒకటి చెడినా కస్టమర్‌కు చేరేసరికి తప్పు దాదాపు కనిపించదు. అదే వెయ్యికి ఒకటి అయిందంటే ఎఫ్‌ఈసీ చేతులెత్తేస్తుంది. మధ్యలో మెట్లు లేవు.

ఉదాహరణకు, రోడ్డు పనుల్లో ఫైబర్ తెగింది, రాత్రికి రాత్రి స్ప్లైస్ చేశారు (అతికించారు), సర్వీసు వచ్చింది, టికెట్ మూసేశారు. పోస్ట్-ఎఫ్‌ఈసీ (దిద్దాక మిగిలిన తప్పులు) సున్నా. ప్రీ-ఎఫ్‌ఈసీ (దిద్దక ముందున్న తప్పులు) చూస్తే తెగక ముందు పది లక్షలకు ఒకటి ఉన్నది ఇప్పుడు పది వేలకు ఒకటి. ఎక్కడో స్ప్లైస్‌లో లాస్ మిగిలింది, లేదా ప్యాచ్ కార్డ్ మూతి మురికిగా ఉంది. ఓటీడీఆర్ (ఫైబర్‌లో లాస్ ఎక్కడుందో చూపే పరికరం) వేసి, కనెక్టర్ శుభ్రం చేసి, ఆ అంకె పాత స్థాయికి వచ్చాకే టికెట్ మూయాలి. ఈ ఒక్క అలవాటు కోసం నేను ఎవరితోనైనా వాదిస్తాను. కోహెరెంట్ లింకుల్లో (కాంతి దశను కూడా వాడుకునే లింకుల్లో) ఎఫ్‌ఈసీ ఇంకా శక్తిమంతం, వందకు ఒకటి రెండు బిట్లు చెడినా నడిపించేస్తుంది. కాబట్టి మామూలుగా ఎంత ఉండాలో ముందే రాసిపెట్టుకోకపోతే పడిపోయేదాకా తెలియదు.

అపోహ: టీసీఎమ్ (లింక్‌ను భాగాలుగా విడదీసి గమనించే ఏర్పాటు) ఎవరూ వాడరు.

లింక్ ఇద్దరు ముగ్గురు ఆపరేటర్ల మీదుగా వెళ్తే తప్పు ఎవరి భాగంలో ఉందో చెప్పగలిగేది అదే. ఆరు స్థాయులు ఇచ్చారు. కనీసం ఒకటైనా ఆన్ చేసుకోండి.

అపోహ: 400జడ్‌ఆర్ వచ్చింది, ఓటీఎన్ పని అయిపోయింది.

ఓఐఎఫ్ (ఆప్టికల్ పరిశ్రమ సంఘం) 2020లో ఇచ్చిన 400జడ్‌ఆర్ ప్రమాణం డేటా సెంటర్ల మధ్య 120 కిలోమీటర్ల లోపు లింకుల కోసం, అదీ 400జీ ఈథర్నెట్ ఒక్కదానికే. ఆ పనికి అదే సరైనది, మధ్యలో ఓటీఎన్ స్విచ్ పెట్టడం దండగ అని నేనే చెబుతాను. కానీ దాని లోపల ఈథర్నెట్‌ను ఫ్రేములో పెట్టే జీఎంపీ అనే పద్ధతి జీ.709 నుంచి తీసుకున్నదే. రకరకాల క్లయింట్లను కలిపి దూరం మోయాలంటే, ఒక్కో సర్వీసును విడిగా గమనించాలంటే ఓటీఎన్ తప్పదు.

ఇంకో వైపు చిన్న వేగాల కథ ఉంది. ఎస్‌డీహెచ్ పెట్టెలు పాతబడ్డాయి, విడి కార్డులు దొరకడం కష్టమవుతోంది. విద్యుత్ సబ్‌స్టేషన్లు, రైల్వేల 2 ఎంబీ (సెకనుకు 2 మెగాబిట్ల) లింకులు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. ఓటీఎన్‌లో అతి చిన్న డబ్బా ఓడీయూ0యే 1.25 గిగాబిట్లు. అందులో 2 ఎంబీ పెడితే మిగతాదంతా వృథా. అందుకే ఐటీయూ-టీ ఈమధ్య ఎఫ్‌జీ-ఓటీఎన్ (చిన్న స్లాట్ల ఓటీఎన్) ప్రమాణాలు తెచ్చింది, అందులో స్లాటు దాదాపు 10 ఎంబీకి దిగింది. ఎస్‌డీహెచ్ మార్చే ఆలోచనలో ఉన్నవాళ్లు కొత్త లైన్ కార్డు కొనేటప్పుడే ఇది అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఫ్రేమింగ్ చిప్‌లో జరిగే పని కాబట్టి తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌లో వస్తుందన్న హామీని నమ్మి సంతకం పెట్టకండి.